అమ్మమ్మ రాకెట్‌కి తగిలిన షటిల్

మా అమ్మమ్మతో షటిల్ ఆడి ఓడిపోవడం చాలా కష్టం. ఆమెకు ఆట రాదని కాదు. డెబ్భై దాటినా నెట్ దగ్గర ఆమె రాకెట్ పిల్లి పంజాలా కాచుకుని ఉంటుంది. కానీ పాయింటు తనకు వచ్చేలా ఉందంటే చాలు, చెయ్యెత్తి "తగిలింది!" అంటుంది. షటిల్ బారెడు దూరం నుంచి పోయినా సరే, "నా రాకెట్‌కి తగిలింది, పాయింటు మీదే" అని నెట్ కింద నుంచి షటిల్ తోసేస్తుంది. ఒకసారి పక్క కోర్టు వాళ్ల షటిల్ మా వైపు వచ్చి పడితే, దానికి కూడా చెయ్యెత్తింది.

"అమ్మమ్మా, అది మన ఆటలోదే కాదు" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అయినా తగిలినట్టే అనిపించింది" అంది.

రూర్ నది ఒడ్డున ఉన్న మా 'నీలి తెలుపు' క్లబ్బులో ఆమెకు 'తగిలింది రోస్వితా' అని పేరు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఆమె చెవులు మాత్రం ఎర్రబడతాయి. ఇంట్లో పాచికలాట ఆడినా అంతే. తన కాయ ఇంకో గడిలో ఇంటికి చేరుతుందనగా, "పాచిక నా చీలమండకి తగిలి దొర్లింది, లెక్కలోకి రాదు" అని దాన్ని తనే వెనక్కి తీసుకెళ్లి పెట్టేస్తుంది. చీలమండ బల్ల కింద ఉంటుంది, పాచిక బల్ల పైన ఉంటుంది. మా మామయ్య అనేవాడు, "మా అమ్మను పోలీసులు పట్టుకుంటే ఊళ్లో దొంగతనాలన్నీ తనవేనని సంతకం పెట్టి వస్తుంది" అని.

నేను బడికి తొందరగానే దణ్ణం పెట్టి, ఇళ్లలో టైల్స్ పరిచే పని నేర్చుకున్నదాన్ని. నాకు పెద్ద మాటలు రావు. కానీ ఒక టైల్ కింద బోలుగా ఉంటే, తట్టి చూస్తే తెలుస్తుంది. అమ్మమ్మ 'తగిలింది' అన్న ప్రతిసారీ నాకు లోపల ఏదో బోలుగా వినిపించేది. అయినా అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వొచ్చేలాగే చేసేది మరి.

అమ్మమ్మ పదిహేనేళ్లకే తోళ్ల కార్ఖానాలో చేరింది. పొద్దంతా బెల్టులు కోసేది. సాయంత్రం ఎన్నిసార్లు సబ్బు రుద్దినా చేతులకు ఆ వాసన పోయేది కాదట. పక్క వీధిలో మాంసం కొట్టువాళ్ల అమ్మాయి మార్గిట్. వాళ్లమ్మా నాన్నా పందిమాంసం అమ్ముతుంటే ఆ పిల్ల త్రాసు దగ్గర నిలబడేది. ఇద్దరికీ వాసన బాధే కాబట్టి ఒకళ్ల పక్కన ఒకళ్లు మొహమాటం లేకుండా నిలబడగలిగారని అమ్మమ్మ చెప్పేది. స్నేహం అలా మొదలైంది. బడి వ్యాయామశాలను వారానికి ఒక సాయంత్రం క్లబ్బుకు ఇచ్చేవారు. అక్కడ జంటగా ఆడడం మొదలుపెట్టారు.

మార్గిట్ పొడుగు, వెనక నిలబడి కొట్టేది. అమ్మమ్మ పొట్టి, నెట్ దగ్గర కాచుకునేది. ఊరంతా వాళ్లను 'నిచ్చెనా పీటా' అని పిలిచేది. నిచ్చెన పైనుంచి కొడుతుంది, పీట కిందనుంచి లాగుతుంది, ఇక అవతలి వాళ్లకు దిక్కుండేది కాదు.

"డబుల్స్ పెళ్లి కన్నా కష్టమే" అనేది అమ్మమ్మ నాకు ఆట నేర్పేటప్పుడు. "పెళ్లిలో మొగుడు ఎక్కడున్నాడో వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. ఇక్కడ చూడకూడదు, తెలియాలి."

"తాతయ్య ఎక్కడున్నాడో నీకు తెలిసేదా?"

"ఆయన ఎప్పుడూ బీరు పెట్టె దగ్గరే ఉండేవాడు. దానికి తిరిగి చూడడం ఎందుకు?"

వాళ్లిద్దరూ మా రాష్ట్రంలో చాలా కప్పులు గెలిచారు. కానీ ఊరికి గుర్తున్నది ఆ కప్పులు కాదు, ఓడిన ఒక ఆట. డ్యూస్‌బర్గ్ జట్టు మా ఊరికి వచ్చింది. గెలిచిన క్లబ్బు దేశంలోని పై లీగుకు వెళుతుంది. మిగతా ఆటలన్నీ అయ్యేసరికి రెండు క్లబ్బులూ సమానం. చివరిది ఆడవాళ్ల డబుల్స్. నిచ్చెనా పీటా సర్వీసు చేస్తున్నారు, ఇంకొక్క పాయింటు వస్తే చాలు. అవతలి వాళ్లు కొట్టిన షటిల్ ఇద్దరి మధ్య నుంచి దూసుకొచ్చింది. ఇద్దరూ రాకెట్లు చాపారు, ఇద్దరూ ఆఖరి క్షణంలో వదిలేశారు. షటిల్ గీత బయట పడింది. జనం లేచి అరిచారు. అవతలి అమ్మాయి మాత్రం చెయ్యెత్తి, మావాళ్ల రాకెట్‌కి తగిలింది, టిక్కుమని వినిపించింది అంది. తగిలి బయట పడితే పాయింటు పోయినట్టే. అప్పట్లో ఊరి ఆటలకు సొంత క్లబ్బువాళ్లే అంపైరు కుర్చీ ఎక్కేవారు. ఆ రోజు కుర్చీ మీదున్నది ఎగోన్. కిందికి వంగి తగిలిందా అని అడిగాడు. అమ్మమ్మ లేదంది. ఆట అయిపోయిందని ఎగోన్ చెప్పబోతుంటే, వెనక నుంచి మార్గిట్, "తగిలింది. నా రాకెట్‌కి" అంది.

పాయింటు పోయింది. సర్వీసు పోయింది. ఆట పోయింది. లీగు పోయింది.

ఇదీ మా ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కీ బాతు మాంసం తింటూ చెప్పుకునే కథ. కథలో వెర్రిబాగులది మార్గిట్. పాపం పీట. పీట ఒక్కతే అయితే గెలిచేది. కథ చెప్పేది ఎప్పుడూ మామయ్యే. అమ్మమ్మ అప్పుడే వంటింట్లో ఏదో మాడుతోందని లేచిపోయేది. ఏమీ మాడేది కాదు.

మరుసటి ఏడు అమ్మమ్మ ఇంకో అమ్మాయితో జంటగా ఆడింది, క్లబ్బు పై లీగుకు వెళ్లింది. ఒకసారి ఆమెకు దేశం జట్టు నుంచి కూడా పిలుపొచ్చింది. డెన్మార్క్ అమ్మాయిల చేతిలో చిత్తుగా ఓడారు. ఆ రోజు ఫోటో మా హాల్లో ఉంది. చొక్కా మీద దేశం పేరు, కాలర్ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన గోధుమరంగు మచ్చ. ఆ మచ్చను చూసి ఇంటికొచ్చినవాళ్లంతా నవ్వేవాళ్లు. బెరుకులో కాల్చేసిందట అనుకునేవాళ్లం.

క్లబ్బుకు యాభై ఏళ్లు నిండిన సంవత్సరం, వేసవి చివర్లో, ఒక సాయంత్రం అమ్మమ్మ వంటింట్లో కెటిల్ మూతి మీద షటిళ్లున్న అట్ట గొట్టం పట్టుకుని ఉంది. ఆటకు ముందు ఈకలకు కాస్త ఆవిరి పడితే అవి తొందరగా విరగవు. ఊపిరి అంత ఆవిరి చాలు. అప్పుడే ఫోన్ మోగింది. ఎగోన్. ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. అతని గొంతు ఫోన్లో కూడా అంపైరు కుర్చీ మీద నుంచి వచ్చినట్టే ఉంటుంది, అందుకని నాకూ వినిపించింది.

"రోస్వితా! ఉత్సవంలో నీ ఆటకు గుర్తుగా నీకు బంగారు పిన్ను పెడుతున్నాం. ఇంకోటి చెప్పనా? నిచ్చెనను వెతికి పట్టుకున్నా. మార్గిట్ వస్తోంది!"

అమ్మమ్మ ఏదో గొణిగి ఫోన్ పెట్టేసింది. గొట్టం ఆవిరిలోనే ఉండిపోయింది. నేను లాగి చూసేసరికి షటిళ్లన్నీ వానలో తడిసిన కోళ్లలా అయ్యాయి.

"నేను రాను. మోకాలు నొప్పి" అంది.

"నిన్న బస్సు వెనక పరిగెత్తావు కదా?"

"ఆ పరుగు వల్లే."

"బస్సు దొరికింది కూడా కదే!"

అమ్మమ్మ కుర్చీలో కూలబడింది. తడిసిన షటిల్ ఒకటి చేతిలోకి తీసుకుని ఈకలు ఒక్కొక్కటే సరిచేస్తూ, "అది నా రాకెట్‌కే తగిలింది, ఫ్రాంజీ" అంది.

నేను నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

"చేతికి తెలుస్తుంది. ఈ కార్కు ఫ్రేముని అలా గీరుకుంటూ పోతే మోచేతి దాకా తెలుస్తుంది. ఎగోన్ అడిగితే లేదన్నాను. మార్గిట్‌కీ తెలుసు, అది వెనక నుంచి చూస్తోంది. నా మీద చెప్పలేకపోయింది. అలా గెలవనూ లేకపోయింది. అందుకని తన మీద వేసుకుంది."

"తర్వాత నీతో ఏమంది?"

"బట్టలు మార్చుకునే గదిలో, 'నీ బూటు లేసు ఊడింది' అంది. అంతే. తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు."

"మరి నువ్వు ఎవరికీ చెప్పలేదేం?"

"మొదటి వారం సిగ్గేసింది. రెండో వారం, మొదటి వారం చెప్పలేదని ఇంకా సిగ్గేసింది. తర్వాత అది పెరుగుతూనే పోయింది, అమ్మా. పిండి పులిసినట్టు."

ఆ ఏడంతా మాంసం కొట్టు దగ్గర జనం మార్గిట్‌ను ఆడుకున్నారట. "త్రాసుకు నీ బొటనవేలు తగిలితే చెబుతావుగా మార్గిట్?" అని ఒకరు, "మా ఆయన చెయ్యి ఎవరికి తగిలిందో కూడా నువ్వే చెప్పేట్టున్నావే" అని ఇంకొకరు. మార్గిట్ కూడా నవ్వేదట. ఒక శనివారం అమ్మమ్మ ఆ వరసలో నిలబడి ఉండగా ఎవరో త్రాసు మాట అన్నారు. వరసంతా నవ్వింది.

"నేనూ నవ్వాను" అంది అమ్మమ్మ. "నవ్వకపోతే అనుమానం వస్తుందని. అది నా వంక చూసి, నా సాసేజ్ తూచి, కాగితంలో చుట్టి ఇచ్చింది. మర్నాటి నుంచి ఆటకు రాలేదు. తర్వాత పెళ్లి చేసుకుని నది దిగువకు వెళ్లిపోయింది. దేశం చొక్కా ఇస్త్రీ చేస్తున్నప్పుడు అదే గుర్తొచ్చింది. పెట్టె ఎత్తడం మర్చిపోయాను."

హాల్లో ఉన్న ఆ కాలిన కాలర్ నా కళ్ల ముందు కదిలింది. దాని మీద నేనెన్ని జోకులు వేశానో చెప్పను.

"అయితే వెళ్లి అక్కడే చెప్పు" అన్నాను.

అమ్మమ్మ ఇంకో షటిల్ ఈకలు సరిచేసింది. "చెప్పకుండా ఆ పిన్ను పెట్టుకోలేను" అంది చివరికి. తర్వాత ఆ తడి షటిళ్లను తీసుకెళ్లి బట్టల తీగ మీద క్లిప్పులతో ఆరేసింది. ఎండినా పనికిరావని ఆమెకూ తెలుసు.

ఉత్సవం ఆదివారం మధ్యాహ్నం, అదే వ్యాయామశాలలో. బాస్కెట్ బాల్ గీతల మీద పొడుగు బల్లలు వేశారు. బల్లలనిండా కేకులు. ప్రతి పళ్లెం అడుగునా ఇంటివాళ్ల పేరు అంటించి ఉంది, ఖాళీ పళ్లెం తిరిగి ఇంటికి చేరాలి కదా. అమ్మమ్మ ప్లమ్ పళ్ల కేకు తెచ్చింది, అంచు మాడింది. ఈసారి నిజంగానే మాడింది.

మార్గిట్ గారు చేతికర్రతో వచ్చారు. ఇప్పటికీ పొడుగే, కానీ నడుం దగ్గర వంగిపోయారు. అమ్మమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, పైనుంచి కిందికి చూసి, "నిచ్చెన మడతపడింది. పీట మాత్రం అలాగే ఉందే!" అన్నారు.

అమ్మమ్మ నోరు తెరిచింది. "కాఫీ తాగుతావా?" అంది.

"తాగకేం."

అంతే. ఇద్దరూ వేరు వేరు బల్లల దగ్గర కూర్చున్నారు.

ఎగోన్ మైకు అందుకున్నాడు. పొట్ట మీద టై తిరగబడి ఉంది. "ముందే చెబుతున్నా, మార్గిట్. ఇవాళ నీ రాకెట్‌కి ఏం తగిలినా నోరు మూసుకో తల్లీ. మాకు ఇంకో ఏడాది ఆగే ఓపిక లేదు!" అన్నాడు. హాలంతా నవ్వింది. మార్గిట్ గారూ నవ్వారు. ఆ నవ్వు చూస్తే తెలిసిపోతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి పెట్టుకునే నవ్వు అది, కట్టుడు పళ్లలాగ.

అమ్మమ్మ చెవులు టమాటాల్లా ఉన్నాయి. ఎగోన్ ఆమెను పిలిచి కోటుకు పిన్ను గుచ్చాడు. చప్పట్లు. ఆమె మైకు అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

"ఆ షటిల్ తగిలింది" అంది. "మార్గిట్ రాకెట్‌కి కాదు. నా రాకెట్‌కి. నేను అబద్ధం చెప్పాను."

వెనక బల్ల నుంచి ఎవరో, "తగిలిందీ!" అని రాగం తీశారు. ఇక హాలు విరగబడింది. బల్లలు చరిచారు, కాళ్లతో నేల తన్నారు, చెంచాలతో కప్పులు వాయించారు. ఎగోన్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"చూశారా! ఇదీ మా రోస్వితా! పాత జంట పరువు కాపాడ్డానికి ఇన్నేళ్ల తర్వాత కూడా తన మీద వేసుకుంటోంది. ఇలాంటి మనిషికి కాక ఇంకెవరికిస్తాం బంగారు పిన్ను?"

"నేను నిజం చెబుతున్నాను, ఎగోన్!"

"నువ్వెప్పుడూ నిజమే చెబుతావు, అదేగా నీ జబ్బు!"

మళ్లీ నవ్వులు. ఇన్నేళ్లుగా తగలనివన్నీ తగిలాయంటూ వచ్చిన మనిషి మాటను, నిజంగా తగిలినదాని గురించి ఒక్కరూ నమ్మలేదు. పైగా చప్పట్లు. అమ్మమ్మ ముఖంలో అంత సిగ్గు నేనెప్పుడూ చూడలేదు. పిన్ను మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది, కోటు చిరిగినచోట దాచుకున్నట్టు.

తర్వాత మైకుతో సహా దిగి, దాని తీగ బల్లల మధ్య ఈడ్చుకుంటూ మార్గిట్ గారి దగ్గరికి వెళ్లి నిలబడింది. పంతులమ్మ ముందు నిలబడ్డ పిల్లలాగ.

"వీళ్లు నా మాట నమ్మడం లేదు. నువ్వు చెప్పు, మార్గిట్."

"నేను కేకు తింటున్నాను."

"చెప్పవే."

"ఇప్పుడెందుకే? చల్లారిన కాఫీ మళ్లీ కాచినట్టు."

"ఒకసారి నా తప్పుకు అడ్డం పడ్డావు, చాలు. ఈసారి పడకు" అంది అమ్మమ్మ. మైకు ఆ మాటను హాలంతా వినిపించింది.

మార్గిట్ గారు ఫోర్కు పక్కన పెట్టారు. మైకు దగ్గరికి వంగి, "దానిదే" అన్నారు. "నా రాకెట్ జానెడు అవతల ఉంది."

నవ్వు ఆగిపోయింది. మైకు ఒక్కటే గుయ్యిమంటోంది. ఎగోన్ టై సర్దుకోబోయి వదిలేశాడు.

"మరి నువ్వెందుకు నీదన్నావు?" అన్నాడు. ఈసారి గొంతు కుర్చీ మీద నుంచి రాలేదు.

"నువ్వు అడిగావు. ఎవరో ఒకరు చెప్పాలిగా. డబుల్స్‌లో తప్పు జంటది. ఎవరి రాకెట్టో నీకెందుకు?"

త్రాసు మాట ఇప్పటికీ అనే ఒక ముసలామె చెంచాలో తన ముఖం చూసుకోవడం మొదలుపెట్టింది. మా వాళ్లకు క్షమించమనడం రాదు. కాసేపటికి ఒకావిడ లేచి, తను తెచ్చిన జున్ను కేకు ముక్క ఒకటి కోసి మార్గిట్ గారి పళ్లెంలో పెట్టి వెళ్లింది. ఆమె వెనక ఇంకొకాయన గసగసాల కేకుతో. తర్వాత వరస కట్టారు. ఎగోన్ రెండు ముక్కలు తెచ్చాడు. పళ్లెం నిండి, బల్ల మీద కూడా పేర్చారు.

"నన్ను చంపుదామనుకుంటున్నారా ఏమిటి? నాకు చక్కెర జబ్బురా!" అని మార్గిట్ గారు అరుస్తూనే ఉన్నారు. వాళ్లు తెస్తూనే ఉన్నారు.

అమ్మమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. మాడిన ప్లమ్ పళ్ల కేకు ఎవరూ కోయలేదు. ఆమె నెమ్మదిగా లేచి క్లబ్బు వంటింట్లోకి వెళ్లి కప్పులు కడగడం మొదలుపెట్టింది. ఆ రోజు కడిగే వంతు ఆమెది కాదు. నేను తుడవడానికి గుడ్డ తీసుకున్నాను. ఏదో జోకు వేద్దామనుకున్నాను, ఒక్కటీ తట్టలేదు.

చేతికర్ర చప్పుడు వినిపించింది. మార్గిట్ గారు నా చేతిలోంచి గుడ్డ లాక్కున్నారు.

"పిన్నేది?" అన్నారు.

"అదిగో, సింకు అంచు మీద. ఎగోన్‌కి ఇచ్చెయ్యి."

"వాడికెందుకు? ఇది షటిల్ ఆడినందుకు ఇచ్చారు, మంచితనానికి కాదు. ఆట బాగానే ఆడావుగా. పెట్టుకో."

"సిగ్గుగా ఉంది."

"ఉండాలి. పెట్టుకుని సిగ్గుపడు."

అమ్మమ్మ నీళ్లలో చేతులు పెట్టి అలాగే నిలబడింది. "ఆ శనివారం కొట్టు దగ్గర నేను నవ్వాను. చూశావా?" అంది.

"చూశాను."

"ఏమనుకున్నావు?"

"ఏమనుకోలేదు. నీ సాసేజ్ ఒక ముక్క తగ్గించి కట్టాను."

అమ్మమ్మ తల తిప్పి చూసింది. "ఇంటికెళ్లి చూస్తే తక్కువగానే ఉంది. మా అమ్మ నన్నే తిట్టింది, దారిలో తినేశానని!"

"తిట్టాలనే కట్టాను."

అమ్మమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. భుజాలు మాత్రం ఊగాయి. మార్గిట్ గారు ఆమె బూట్ల వైపు చూసి, "లేసు ఊడింది" అన్నారు. నేను కూడా చూశాను, ఊడలేదు. అయినా అమ్మమ్మ వంగి దాన్ని విప్పి, మళ్లీ కట్టుకుంది.

ఆ తర్వాతి వారం మామూలుగా ఆటకు వెళ్లాం. అమ్మమ్మ కోటుకు పిన్ను ఉంది. హాల్లో అడుగు పెట్టగానే మాటలు తగ్గాయి. 'తగిలింది రోస్వితా' అని ఎవరూ అనలేదు. కొందరు నమస్కారం చెప్పారు, కొందరు రాకెట్ తీగలు పరీక్షించుకున్నారు. ఆమె చెవులు ఎర్రగానే ఉన్నాయి. అయినా కోర్టులోకి దిగింది. నేను అవతలి వైపు.

నేను గట్టిగా కొట్టిన షటిల్ ఆమె భుజం పక్క నుంచి, రాకెట్‌కి బారెడు దూరం నుంచి పోయి గీత బయట పడింది. నేను ఆగాను. పక్క కోర్టు వాళ్లు కూడా ఆగారు. అమ్మమ్మ చెయ్యి కొంచెం లేచింది. మళ్లీ దిగింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. చెయ్యెత్తి, "తగిలింది!" అన్నాను.

"ఎక్కడే తగిలింది, కోతీ?" అంది అమ్మమ్మ. "బయట పడింది. పాయింటు నాది. షటిల్ ఇటు తే."